ఎడమ చెయ్యి, కుడి చెయ్యి

జూన్ 3

అమ్మీకి ఉర్దూ తప్ప మరో చదువు రాదు. అందుకని ఇది తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

జ్ఞానేశ్వరి షాపు నుంచి వచ్చేసి ఈ రోజుకు పదకొండు రోజులు. వచ్చేసి అని రాశాను. గెంటితే వచ్చాను.

రోజులు గడిచేకొద్దీ నాకు అనుకూలంగా మాటలు మార్చుకుంటానేమో, అందుకని జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాసిపెడతాను. తొమ్మిదేళ్లు ఆమె ఎంబ్రాయిడరీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమ్మీ ముప్పై ఏళ్లు మగ్గం పని చేసింది. నెమలి, జాలీ, మామిడి పిందె, చంద్రవంక, ఆమె వేసిన ప్రతి డిజైనూ ట్రేసింగ్ కాగితం మీద సూదితో పొడిచి ఉండేది. వాటిని ఒక్కొక్కటే స్కాన్ చేసి, ఏ కుట్టు తర్వాత ఏ కుట్టో చెప్పి, మెషిన్‌కు అర్థమయ్యేలా మార్చింది నేను. మొత్తం వెయ్యి నూట నలభై. బట్ట మీద అచ్చు వేయడానికి పూసే కిరోసిన్ తాగీ తాగీ ఆ కాగితాలు ముట్టుకుంటే పొడి అవుతుంటే, కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అని నేనే పారేశాను. అమ్మీ చేతులు ఇప్పుడు వణుకుతాయి. మళ్లీ వెయ్యమంటే వెయ్యలేదు.

మే నెలలో షాపుకు కొత్త బోర్డు వచ్చింది. "జ్ఞానేశ్వరి ఎంబ్రాయిడరీ, మా సొంత డిజైన్లు." ఇదేమిటని అడిగాను. నలుగురు కస్టమర్లు ఉండగానే అన్నది:

"జీతం ఇచ్చిన. జీతం దీసుకొని చేసిన పని నాది గాదా? మీ అమ్మ పేరేమన్న రాసి ఉన్నదా దాని మీద?"

"అయితే తీసెయ్. మా అమ్మీవి ఒక్కటి లేకుంట నీ కంప్యూటర్‌ల నుంచి తీసెయ్" అన్నాను.

"పిల్లి శాపాలకు ఉట్లు తెగుతయా మునీరా? పో."

మర్నాటికి షటర్ తాళం మారింది.

జూన్ 4

ఒక్క తాళమే మార్చింది.

జూన్ 6

రెండేళ్ల కింద షాపు కంప్యూటర్‌కు వైరస్ తగిలి వారం రోజులు మెషిన్లు ఆగిపోయాయి. అప్పుడు నేనే మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ పెట్టి, ఇంటర్నెట్ మీద షాపుదానితో కలిపాను. అక్కడ ఒక డిజైన్ పెడితే ఇక్కడికి వస్తుంది. ఇక్కడ ఒకటి మారిస్తే అక్కడ మారుతుంది. కస్టమర్ల కొలతలు కూడా అంతే. "గా డబ్బా నీ ఇంట్లనే ఉండనియ్, నాకెందుకు కరెంట్ దండుగ" అన్నది అప్పుడు.

ఆ దారి ఇంకా తెరిచే ఉంది. ఈ రోజు పొద్దున షాపులో పెట్టిన కొత్త డిజైన్ మధ్యాహ్నానికి మా ఇంట్లో ఉంది. ముక్కూ మొహం లేని గులాబీ. నేను లేకపోతే వాళ్ల పని అదీ.

జూన్ 9

పరీక్షించి చూశాను. ఎవరూ వాడని ఒక తామరపువ్వు డిజైన్‌ను ఇక్కడ తీసేశాను. గంట తర్వాత షాపులో నా సీట్లో కూర్చున్న స్వర్ణ ఫోన్ చేసింది.

"అక్కా, తామరపువ్వు యాడ పెట్టినవ్? నిన్న ఉండె, ఇయ్యాల కనిపిస్తలేదు."

"నాకేం తెలుసు స్వర్ణా, నేను గాడికి వచ్చి పదిహేను దినాలు దాటింది" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాయ్ పెట్టుకుని తాగాను. పదిహేడు రోజుల తర్వాత ఈ రోజే చాయ్ రుచి తెలిసింది. తామరపువ్వు తీసినట్టే అన్నీ తీయవచ్చు. ఒక్క వేలు చాలు.

కానీ ఇక్కడ తీస్తే నావీ పోతాయి కదా. ముందు నావి భద్రం కావాలి. తర్వాత ఆమె సంగతి.

జూన్ 15

ఫైజ్ వచ్చాడు. పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, ఊళ్లో కెమెరాలు బిగిస్తాడు, కంప్యూటర్లు తెలుసు. పాత డబ్బా మొహం చూసి నవ్వాడు.

"ఒక్క డిస్కు మీద తొమ్మిదేండ్ల పనా ఆపా? ఇది ఏ దినం సచ్చిపోతదో దానికే తెల్వదు. రెండు కొత్తవి పెడుదాం. మిర్రర్ అంటరు. ఒకదాంట్ల ఏం పడ్తే రెండోదాంట్ల గదే పడ్తది. ఒకటి పోతే ఇంకోటి ఉంటది."

మిర్రర్ అనగానే నాకు పట్టుబడింది. జాకెట్ చేతులు కుట్టేది అట్లాగే. ఎడమ చెయ్యి డిజైన్ తిప్పితే కుడి చెయ్యి. ఒకటి చెడిపోతే రెండోదాన్ని చూసి మళ్లీ కుట్టుకోవచ్చు. తొమ్మిదేళ్లు చేసిన పనే.

"మిర్రర్ వేరే, బ్యాకప్ వేరే ఆపా. మూడో డిస్కు ఒకటి విడిగ ఉండాలె. కాపీ చేసి, వైరు తీసి, పక్కకు పెట్టాలె" అన్నాడు.

సరే, అది కూడా తెమ్మన్నాను.

జూన్ 22

డిస్కులు వచ్చాయి. ఒకదాని మీద "ఎడమ" అని, రెండోదాని మీద "కుడి" అని రాసి అంటించాను. ఫైజ్ నవ్వాడు. నవ్వితే నవ్వనీ.

పాతదాని నుంచి జోడీ మీదికి అన్నీ చేరడానికి తొమ్మిది గంటలు పట్టింది. అమ్మీ ఎదురుగా కూర్చుని లైట్లు మిణుకుమిణుకుమంటే చూస్తూ ఉంది.

"బేటీ, ఇందులో నా నెమలి కూడా ఉందా?" అని అడిగింది. చూపించాను. తెర మీద నెమలి తోక వెంట ఆమె వేలు గాల్లో కదిలింది. ఎక్కడ ముడి వేయాలో అక్కడ ఆగింది.

షాపుతో ఉన్న దారి తెంపేద్దామా అని ఫైజ్ అడిగాడు. ఇప్పుడే వద్దన్నాను. వాళ్లు పెట్టేవి చూడాలి కదా, మావి మళ్లీ ఎవరికైనా ఇస్తున్నారేమో తెలియాలి కదా అన్నాను. అది కూడా నిజమే.

జూన్ 24

డబ్బా నడుస్తుండగానే "ఎడమ"ను ఊడబెరికాను. ఒక్క పువ్వు పోలేదు. మళ్లీ పెట్టాను, దానంతట అదే నింపుకుంది. "కుడి"ని ఊడబెరికాను. పోలేదు.

ఇంక నన్నెవరూ ఏమీ చేయలేరు.

జూలై 11

బస్టాండ్ దగ్గర ఎదురైంది. నన్ను చూసి స్కూటీ ఆపబోయి, ఆపలేదు. ఆపి ఉంటే ఏమనేదాన్నో రాత్రి దాకా అనుకుంటూనే ఉన్నాను. అన్నీ మంచి మాటలే దొరికాయి. ఒక్కటీ ఆ టైముకు రాదు.

జూలై 20

క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాను. నవంబర్ చివర మూఢం. లగ్గాలన్నీ అంతకు ముందే జరిగిపోవాలి. అన్నిటికంటే గట్టి ముహూర్తం నవంబర్ 13. ఆ తారీఖుకు ఇప్పటికే నలభై జాకెట్లు ఒప్పుకున్నారని స్వర్ణే చెప్పింది, పాపం, నన్నింకా అక్కా అంటుంది.

పదమూడుకు వారం ముందు డిలీట్ నొక్కుతాను. పొద్దున పదింటికి, మెషిన్లు వేడెక్కే వేళకు. నలభై మంది పెళ్లికూతుళ్ల తల్లులు ఆ మెట్ల మీద నిలబడతారు. సొంత డిజైన్లు అన్నది కదా, కొత్తగా వేసుకోనీ. ఆ తల్లులందరూ చివరికి ఎవరి దగ్గరికి రావాలి? సిద్దిపేటలో ఆ డిజైన్లు ఇంకెవరి దగ్గర ఉంటాయి?

నాది పగ కాదు. ఎవరి సొత్తు వాళ్లకు చేర్చడం.

జూలై 21

పగే. ఈ పుస్తకంలో కూడా అబద్ధం ఎందుకు?

ఆగస్టు 8

మూడో డిస్కు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఈ రోజు విప్పాను.

డిజైన్లు కాపీ చేద్దామనే విప్పాను. కానీ షాపు కొలతల ఫోల్డర్ ఎదురుగా కనిపించింది. నాలుగు వేల మంది ఆడవాళ్ల కొలతలు, ఫోన్ నంబర్లు, వాళ్లు కుట్టించుకున్న ప్రతి జాకెట్ ఫోటో. తొమ్మిదేళ్ల కస్టమర్లు. రేపు నేను మెషిన్ పెట్టుకుంటే ఇది పనికొస్తుంది. ఆమె ఏ రోజైనా ఈ దారి మూసేస్తే మళ్లీ దొరకదు. డిజైన్లంటే జోడీ మీద ఉండనే ఉన్నాయి.

ఫోటోలతోనే డిస్కు నిండిపోయింది. దాని మీద ఏమీ రాయలేదు. అల్మారాలో దుప్పట్ల కింద పెట్టాను.

ఆగస్టు 15

ఫైజ్: "మూడో కాపీ అయిందా ఆపా?"

అయింది అన్నాను.

ఆగస్టు 30

బోర్డు ముందు నుంచి కావాలనే నడిచి వెళ్లాను. "మా సొంత డిజైన్లు" మీద కొత్తగా లైట్లు పెట్టించింది. కిరాణా కొట్టులో ఏం కొనాలో మరిచిపోయి ఉప్పు తెచ్చాను. ఇంట్లో ఉప్పు ఉంది.

సెప్టెంబర్ 9

స్వర్ణ మళ్లీ ఫోన్ చేసింది. మేడం ఈ మధ్య అదోలా ఉంటుందట, ఎవరితోనూ మాట్లాడదట. నాకు సంతోషం కలిగింది. ఇంకా ముందుంది.

సెప్టెంబర్ 17

నొక్కలేదు. యాభై రోజులున్నాయి.

సెప్టెంబర్ 24

నొక్కలేదు. వేలు అక్కడే పెట్టి తీసుకున్నాను. ఊరికే, ఎట్లా ఉంటుందో చూద్దామని.

అక్టోబర్ 1

అన్నీ పోయాయి.

అక్టోబర్ 1, సాయంత్రం

ఆయుధపూజ కదా, షాపులో మెషిన్లు ఆపుతారు, ఈ రోజు ఏమీ రాదనుకుని సాయంత్రం నాలుగింటికి ఊరికే తెరిచాను. అమ్మీ డిజైన్ల ఫోల్డర్ ఖాళీ. ఒక్క నెమలి లేదు, ఒక్క పిందె లేదు.

"ఎడమ" తీసి "కుడి" ఒక్కదాన్నే పెట్టి చూశాను. ఖాళీ. "కుడి" తీసి "ఎడమ" పెట్టాను. ఖాళీ. రెండూ బాగున్నాయనే చూపిస్తోంది, ఏ లోపమూ లేదట.

దుప్పట్ల కింద నుంచి మూడోది తీశాను. అందులో ఉన్నవి ముప్పై ఎనిమిది, ముప్పై ఆరు, చెయ్యి పొడుగు పది. నాలుగు వేల మంది కొలతలు. నా తల్లిది ఒక్క కుట్టు లేదు.

ఆమెకు తెలిసిపోయింది. దారి కనిపెట్టింది. నేను చేయాలనుకున్నది నాకంటే ముందు చేసింది.

అక్టోబర్ 2, పొద్దున

ఫైజ్‌కు ఫోన్ చేసి చెప్పాను. మూడో కాపీ లేదని కూడా చెప్పాను.

"మిర్రర్ అంటే గంతే ఆపా. ఇటు కుడితే అటు కుడ్తది, ఇటు విప్పితే అటు విప్పుతది. అది మంచిదో చెడ్డదో దానికి తెల్వదు. షాపుల తీసేసిన్రు, దారి తెరిచి ఉన్నది, మన దాంట్ల సుత పోయినయ్."

"ఎట్లన్న తేలేవా?"

"మన డబ్బాల రావు. షాపుది విండోస్ గదా, గాడ రావచ్చు. ఒక్కటే షరతు. గా కంప్యూటర్ల కొత్తది ఏది పెట్టొద్దు. కొత్తయి పడేకొద్ది పాతయి కింద మునిగిపోతయ్. అడుగు ఆమెను."

ఆమెను అడగడమా? నా ఇంట్లోకి చొరబడి నా తల్లి ముప్పై ఏళ్లు తుడిచేసిన మనిషి గడప తొక్కి, అమ్మా జ్ఞానేశ్వరీ కాపాడు అనడమా? నక్కో, అడగను. కొలతల డిస్కు ఇంకా నా దగ్గరే ఉంది. నలభై మంది తల్లులకు ఇప్పుడే ఫోన్ చేసి, మీ జాకెట్లు సమయానికి రావు, ఆమె చేతిలో ఒక్క డిజైన్ లేదు అని చెప్తాను. పండగ పూట ఆమె ఇంట్లో దీపం ఆరిపోవాలి.

పదహారు నంబర్లు కాగితం మీద రాసుకున్నాను. సాయంత్రం దసరా జమ్మి పెట్టి అందరూ ఇళ్లకు వచ్చే వేళకు మొదలు పెడతాను.

అక్టోబర్ 2, రాత్రి

ఎవరికీ ఫోన్ చేయలేదు.

చీకటి పడే వేళకు తలుపు కొట్టారు. అమ్మీ పక్కింటి కొండవ్వ వాళ్ల దగ్గర ఉంది. తలుపు తీస్తే జ్ఞానేశ్వరి. పట్టుచీర, ఒక చేతిలో జమ్మి ఆకులు, ఇంకో చేతిలో సంచి. ఆమే లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నన్ను తిట్టేదుంటే తిట్టు. కని ముందు చెప్పేది ఇను" అన్నది. "నిన్న ఆయుధపూజకు మెషిన్లు తుడ్సి బొట్లు పెట్టినం. కంప్యూటర్ కాడికొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఒకల సొత్తు ఇంట్ల పెట్టుకొని అమ్మవారి ముంగట దీపం ఎట్ల పెడుదు? రెండు నెల్ల సంది నిద్ర పడ్తలేదు మునీరా. నువ్వన్న మాటే చెవుల ఉన్నది, ఒక్కటి లేకుంట తీసెయ్ అన్నవ్ గదా. స్వర్ణను కూసోబెట్టి అన్ని తీయించిన. చెత్తబుట్ట సుత ఖాళీ చేయించిన. మీ అమ్మ మహబూబమ్మది ఒక్క పువ్వు నా దగ్గర లేదిప్పుడు. ఒట్టు. బోర్డు గుడ ఎల్లుండి దించుతరు."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆమె లేచి నా చేతిలో జమ్మి పెట్టింది. "బంగారం తీస్కో" అని నన్ను గుండెకు హత్తుకుంది. పండగ వాసన, కొత్త చీర వాసన. నా చేతులు కిందికే వేలాడాయి. తర్వాత సంచిలో నుంచి పత్రిక తీసి, పసుపు కుంకుమ అంటిన మూల నా వైపు పెట్టి ఇచ్చింది.

"నా బిడ్డ స్నిగ్ధ లగ్గం. నువ్వు, మహబూబమ్మ ముందుగాల రావాలె. ఇంకోటి. నా లగ్గం జాకెట్ మీద మహబూబమ్మ ఏసిన నెమలి, గదే నా బిడ్డకు కావాలె. నేనే తీసేయించిన, నాకు అడిగే మొఖం లేదు, కని అడుగుతున్న. నువ్వే కుట్టియ్యాలె. నీ దగ్గర ఉన్నయ్ గదా అన్ని?"

పత్రిక మీద ఎర్ర అక్షరాల్లో తారీఖు ఉంది. నవంబర్ 13.

ఉన్నాయక్కా అంటే అయిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయేది, రేపు పొద్దున షాపు తెరిచేది, ఎక్కడివో కొత్త డిజైన్లు కొని ఆ కంప్యూటర్‌లో పోసేది. వాటి కింద అమ్మీ మునిగిపోయేది.

"అక్కా, రేపు గా కంప్యూటర్ ఆన్ చెయ్యకు" అన్నాను.

"ఎందుకే?"

చెప్పాను. దారి సంగతి, తామరపువ్వు సంగతి, దుప్పట్ల కింది డిస్కు సంగతి. నవంబర్‌లో ఏం చేయాలనుకున్నానో అది కూడా. ఒక్కటి దాచినా మిగతావి అర్థం కావు.

"ఏ తారీఖు?" అని అడిగింది.

"పదమూడు లగ్గాలకు. వారం ముందు."

ఆమె నా చేతిలోని పత్రిక వైపు చూసింది.

"నాకు తెల్వదక్కా నీ బిడ్డ లగ్గమని."

"తెల్వదు. ఎవలదో ఒకల బిడ్డదని తెలుసు గదా." ఆమె గొంతు పెరగలేదు. "నేను నీ పని దొంగిలిచ్చిన. అందరి ముంగట దొంగిలిచ్చిన, ఇయ్యాల ఒప్పుకున్న. నువ్వు నాలుగు నెల్లు నా ఇంట్ల కనిపియ్యకుంట కూసున్నవ్."

నా చేతిలో నుంచి పత్రిక తీసుకుని సంచిలో పెట్టుకుంది. జమ్మి కూడా ఇచ్చేద్దామని చెయ్యి చాపాను.

"జమ్మి ఇచ్చినంక ఎన్కకు తీస్కోరు" అని వెళ్లిపోయింది.

షాపు దారి తెంపేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అక్టోబర్ 3

మధ్యాహ్నం ఆటోలో స్వర్ణ వచ్చింది. ఒళ్లో షాపు కంప్యూటర్ పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. మొన్నటి ఆయుధపూజ కుంకుమ బొట్టు దాని మీద అట్లాగే ఉంది.

"మేడం ఇచ్చి రమ్మన్నది. పనయినంక పంపియ్యమన్నది."

"ఇంకేమన్నది?"

"ఏమనలే అక్కా. షాపుకు తాళమేసింది. లగ్గాల సీజన్ల ఎందుకని అడిగితే నా దిక్కు చూడలే."

కొలతల డిస్కు స్వర్ణ చేతికి ఇచ్చి పంపాను.

అక్టోబర్ 4

నా బల్ల మీద ఆమె షాపు మొత్తం ఉంది. ఆర్డర్లు, లెక్కలు, అన్నీ. జూన్‌లో ఇది దొరికితే పండగ చేసుకునేదాన్ని. ఫైజ్ తన ప్రోగ్రామ్ నడుపుతుంటే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అక్టోబర్ 6

ఎనిమిది వందల అరవై రెండు వచ్చాయి. మిగతావి రాలేదు, ఇంక రావు అన్నాడు ఫైజ్. వచ్చినవాటికి పేర్లు లేవు, ఉత్త అంకెలు. ముందు మూడో కాపీ తీశాం. నా ఎదురుగా వైరు ఊడదీసి తనే పట్టుకెళ్లాడు. నా మీద నమ్మకం పోయింది వాడికి.

కంప్యూటర్ మీది దుమ్ము తుడిచి షాపుకు తిప్పి పంపాను.

అక్టోబర్ 12

కంప్యూటర్ చెడిపోయి పేర్లు పోయాయని అమ్మీకి చెప్పాను. రోజుకు యాభై చూస్తోంది. ఒక్కోదానికి ఒక పేరు. "ఇది బాలవ్వ బిడ్డ నిశ్చితార్థానిది. ఇది రంజాన్ నెలలో వేశాను, ఆకలికి ఈ ఆకు వంకర పోయింది చూడు." నేను టైప్ చేస్తున్నాను. తొమ్మిదేళ్లు వీటిని కుట్టాను, ఒక్కదాని కథా అడగలేదు. నా సొత్తు, నా సొత్తు అని అరిచాను.

రానివాటి గురించి అడగలేదు ఆమె. ఇన్నే అనుకుంటోంది.

అక్టోబర్ 19

ఆరు వందల పదకొండోది నెమలి.

నవంబర్ 2

స్నిగ్ధ జాకెట్ అయింది. తెలిసినవాళ్ల మెషిన్ అడుక్కుని కుట్టాను, కళ్ల దగ్గర ముడులు మాత్రం చేత్తో వేశాను. ఇంత మంచి పని ఎప్పుడూ చేయలేదు. నేనే తీసుకుని షాపు మెట్ల దాకా వెళ్లాను. బోర్డు లేదు, దాని మేకుల చిల్లులు ఉన్నాయి. లోపల ఆమె గొంతు వినిపించింది. స్వర్ణను బయటికి పిలిచి ఇచ్చాను.

సాయంత్రం స్వర్ణ ఫోన్ చేసింది. మేడం జాకెట్ విప్పి చూసిందట, చాలాసేపు చూసిందట. "మంచిగ వచ్చిందని చెప్పు" అన్నదట.

ఇంకేమైనా ఇచ్చి పంపిందా అని అడిగాను. లేదన్నది.

నవంబర్ 6

పొద్దున పదింటికి నేను ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. ఈ రోజు, ఈ వేళకు. ఒక్కసారి గుర్తొచ్చింది.

నవంబర్ 10

పత్రిక రాలేదు.

నవంబర్ 13

అమ్మీ పొద్దున్నే లేచి, పెట్టె అడుగు నుంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుంది. జ్ఞానేశ్వరి బేటీ షాదీ ఈ రోజే కదా, నెమలి నువ్వే కుట్టావు కదా, ఎన్నింటికి బయల్దేరాలి అని అడిగింది.

మనకు పత్రిక రాలేదమ్మీ అన్నాను.

రాకపోవడమేమిటి, ఆమె పెళ్లి జాకెట్ నా చేత్తో కుట్టాను, నన్ను పిలవకుండా ఉంటుందా అంది.

పనుల హడావిడిలో మరిచిపోయి ఉంటుంది అన్నాను.

అట్లాగే అయి ఉంటుంది, ఎవరినో ఒకరిని పంపుతుందిలే అని అమ్మీ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. సాయంత్రం దాకా ఆ చీర మార్చుకోలేదు.